జకర్యా తనిఖీ చేసిన పళ్ళ కాలేజీ

జకర్యా పెదనాన్న ఈ లోకంలో ఎవరినీ, దేన్నీ నమ్మడు. ఇది నింద కాదు. సారపాకలో ఎవరిని అడిగినా ముందు ఈ మాటే చెబుతారు, ఆ తర్వాతే ఆయన ఇల్లెక్కడో చెబుతారు. పుచ్చకాయను కోయించి చూసి కొనేవాళ్ళు చాలామంది ఉంటారు. పెదనాన్న కోయించి, తిని, గింజలు ఇంటికి తెచ్చి పెరట్లో నాటి, పాకింది పుచ్చతీగేనని తేలాక గానీ తాను తిన్నది పుచ్చకాయని ఒప్పుకోడు.

చర్చిలో పాస్టరుగారు "కళ్ళు మూసుకుని ప్రార్థన చేద్దాం" అనగానే అందరూ రెండు కళ్ళూ మూస్తారు. పెదనాన్న ఒకటే మూస్తాడు. రెండోది బయట విడిచిన చెప్పుల కాపలాకు. తమ్ముడి కూతురు స్తుతికి ఏడేళ్ళప్పుడు, తనూ ఒక కన్ను తెరిచి చూస్తుంటే, తెరిచిన ఆ రెండు కళ్ళూ ఎదురుపడ్డాయి. ప్రార్థన అయ్యాక పెదనాన్న గుడ్లురిమాడు.

"నువ్వెందుకు తెరిచినవే?"

"నువ్వు మూసుకున్నవా లేదా చూద్దామని."

ఆ రోజు నుంచి ఆయనకు ఆ పిల్లంటే ఒక రకమైన గౌరవం.

వానాకాలంలో గోదావరి నలభై మూడు అడుగులకు చేరిందని, మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని టీవీ చెబుతుంది. పెదనాన్న గొడుగు తీసుకుని వంతెన దాటి, భద్రాచలం రేవులో మెట్ల పక్కనున్న కొలత గీతలు స్వయంగా చూసి వస్తాడు. ఆయన ఇల్లు చేరేసరికి టీవీలో నీళ్ళు నలభై నాలుగుకు ఎక్కి ఉంటాయి. "చూసిండ్రా, నేను చూసొస్తనని తెలిసి మాట మార్చిండ్రు" అంటాడు.

ఆయన పుట్టుకతో ఇలా లేడని పెద్దమ్మ బుల్లెమ్మ చెబుతుంది. పేపర్ మిల్లు గేటు దగ్గర కాటా మీద ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చున్నాక ఇలా అయ్యాడట. వెదురు లారీలు, జామాయిల్ కర్ర లారీలు కాటా ఎక్కి దిగుతుంటే బరువు రాయడం ఆయన పని. కొందరు డ్రైవర్లు కర్ర మీద నీళ్ళు కొట్టి తెచ్చేవాళ్ళు. కొందరు అడుగున బండరాళ్ళు పేర్చేవాళ్ళు. ఒక మహానుభావుడు బరువు పెరగడానికి లోడు నడుమ బావమరిదిని పడుకోబెట్టి తెచ్చాడు. బావమరిది తుమ్మాడు కాబట్టి దొరికాడు. ఆ తుమ్ము విన్న రోజు నుంచి పెదనాన్న నోటికి ఒక మాట అతుక్కుపోయింది.

"ఇందుల ఏదో మతలబున్నది."

పెళ్ళి శుభలేఖ వచ్చినా ఆ మాటే, ఉప్మాలో జీడిపప్పు ఎక్కువ కనిపించినా ఆ మాటే.

స్తుతి వాళ్ళదీ, పెదనాన్నదీ ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న ఇళ్ళు. తండ్రి శాంతికుమార్ మిల్లులో కాంట్రాక్టు పని చేస్తాడు. తల్లి లిదియా చర్ల వైపు ఆసుపత్రిలో కాంట్రాక్టు నర్సు. సెలవుల్లో తల్లి వెంట అడవి పల్లెల వైద్య శిబిరాలకు వెళ్ళి, స్తుతి అక్కడ దవడ వాచి, ఆకు పసరు పూసుకుని, చెంప పట్టుకుని కూర్చున్న మనుషుల్ని చూసింది. జ్వరానికి మందులుండేవి, పాముకాటుకు సూదులుండేవి. పంటికి మాత్రం ఎవరూ ఉండేవాళ్ళు కాదు. తను పళ్ళ డాక్టరు కావాలని తొమ్మిదో తరగతిలోనే అనుకుంది. ఖమ్మంలో ఒక ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగు కూడా తీసుకుని నీట్ రాసి, ర్యాంకు తెచ్చుకుంది.

ఫలితాలు వచ్చిన రోజు పెదనాన్న ఆ ర్యాంకును ముందు స్తుతి ఫోన్లో చూశాడు. తర్వాత తమ్ముడి ఫోన్లో చూశాడు. చివరికి పాస్టరుగారి ఫోన్ అడిగి తెప్పించి అందులోనూ చూశాడు.

"మూడిట్ల ఒకటే ఉన్నది" అన్నాడు, అదే పెద్ద అనుమానం అన్నట్టు.

"ఒకటే ఉంటది పెదనాన్నా. నాది ఒక్కటే ర్యాంకు."

"సరే, పళ్ళ చదువు ఎన్నేండ్లు?"

"ఐదేండ్లు. నాలుగు చదువు, ఒకటి ట్రైనింగు."

పెదనాన్న వేళ్ళు మడిచాడు. "ఐదేండ్లంటే అరవై నెలలు. నోట్ల ఉండేది ముప్పై రెండు పళ్ళు. పంటికి దగ్గర దగ్గర రెండు నెలలు పడ్డది. గుండె, కాలేయం, పేగులు, మెదడు అన్నీ చదివేటోళ్ళకు గూడ ఐదున్నరేండ్లే. మరి వీళ్ళు ఒక్కో పంటికాడ రెండు నెలలు కూసోని ఏం చేస్తరు? ఇందుల మతలబున్నది."

"ఆ లెక్కన నీ నోట్లో ఉన్నయి ఇరవై ఏడే. నీకైతే తొందరగ అయిపోతది" అని గోడ అవతల నుంచి బుల్లెమ్మ అందుకుంది.

అసలు గొడవ కన్సల్టెంటు వెంకటేశ్వరరావు రావడంతో మొదలైంది. తెల్ల కారు, రెండు ఫోన్లు, ముఖమంతా నవ్వు. ర్యాంకులు వచ్చిన పిల్లల ఇళ్ళు ఆయనకు ఎలా తెలుస్తాయో ఎవరికీ తెలియదు. శాంతికుమార్ కుర్చీ తుడిచి వేశాడు. లిదియా టీ ఇచ్చింది.

"పాప ర్యాంకుకి కన్వీనర్ కోటాలో మంచి కాలేజీ రాదండీ" అన్నాడు వెంకటేశ్వరరావు, సంతాపం తెలుపుతున్నట్టు. "మేనేజ్‌మెంట్ సీటుకి నేను మాట్లాడతాను. ఈ రోజు అడ్వాన్సు ఇచ్చారంటే సీటు మీ పేరు మీద ఆపేస్తాను. మిగతాది నాలుగేళ్ళలో మెల్లగా కట్టుకోవచ్చు."

శాంతికుమార్ అప్పటికే చీటీ పాడి తెచ్చిన డబ్బు కవరులో పెట్టి బీరువాలో ఉంచాడు. లేచి బీరువా దాకా వెళ్ళాడు కూడా. అప్పుడు గుమ్మంలో దగ్గు వినిపించింది. స్తుతికి ప్రాణం ఉసూరుమంది. ఆ దగ్గు ఆమెకు బాగా తెలుసు. లారీని ఆపే ముందు పెదనాన్న దగ్గే దగ్గు అది.

పెదనాన్న వచ్చి కన్సల్టెంటుకు ఎదురుగా కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, కాలేజీ రంగుల పుస్తకం చేతికి తీసుకున్నాడు. మొదటి పేజీ చూశాడు. రెండోది చూశాడు. మళ్ళీ మొదటిది చూశాడు.

"ఈ గళ్ళ చొక్కాయన ఎవరు?"

"పేషెంటండీ. పన్ను పీకే విభాగం."

"మరి ఇక్కడున్న గళ్ళ చొక్కాయన?"

"పేషెంటేనండీ. పళ్ళు కట్టే విభాగం."

"రెండింట్లదీ అదే బట్టతల, అదే పుట్టుమచ్చ. పోనీ, పీకిన కాడనే కట్టించుకున్నడు అనుకుందం." పెదనాన్న ఇంకో పేజీ తిప్పాడు. "ఇది ఏం విభాగం?"

వెంకటేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "చిన్నపిల్లల పళ్ళ విభాగమండీ."

"ఇందుల గూడ గీయననే కూసోబెట్టిండ్రు!"

లిదియా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. స్తుతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"అవి మోడల్ ఫోటోలండీ పెద్దాయనా."

"పళ్ళ కాలేజీల మాడల్ మనిషెందుకు? పేషెంట్లు రారా? పేషెంట్లే రాకపోతే మా పిల్ల ఎవరి పళ్ళ మీద నేర్చుకుంటది? క్లాసుల పిల్లలు ఒకరివి ఒకరు పీక్కుంటరా?"

"మీరు అన్నిటికీ అనుమానపడితే ఎలాగండీ?"

"సరే, అనుమానం పక్కన పెడత. అడ్వాన్సుకు రసీదిస్తవా?"

"ఇందులో రసీదులుండవండీ. అంతా నమ్మకం మీదే."

ఆ ఇంట్లో ఆ మాట ఆయన ముందు ఎవరూ అనరు. శాంతికుమార్ తల దించుకున్నాడు. పెదనాన్న కళ్ళజోడు తీసి మెల్లగా తుడుచుకున్నాడు.

"ముప్పై ఒక్క ఏండ్లు కాటా చూసిన నాయనా. దాని మీదకు నమ్మకం ఎన్నోసార్లు ఎక్కింది. ఒక్కసారి గూడ ముల్లు కదల్లే."

వెంకటేశ్వరరావు లేచి చొక్కా సర్దుకున్నాడు. రేపటికల్లా ఆ సీటు ఉండదని, తర్వాత తనకు ఫోన్ చేసి లాభం లేదని చెప్పి కారెక్కాడు. పెదనాన్న బయటికెళ్ళి కారు నంబరు రాసుకున్నాడు.

శాంతికుమార్ జీవితంలో మొదటిసారి అన్న మీద గొంతు పెంచాడు. "నీ అనుమానానికి నా బిడ్డ బతుకు అడ్డమొచ్చిందా అన్నా? ఇంటికొచ్చిన సీటును ఎల్లగొట్టినవ్!"

పెదనాన్న తన ఇంటికి వెళ్ళిపోయాడు. స్తుతి వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. గోడ అవతల దగ్గు వినిపిస్తే లేచి లోపలికి వెళ్ళిపోయేది.

సరిగ్గా ఆ వారంలోనే పెదనాన్న ప్రవర్తన అనుమానంగా మారింది. చీకటి విడవక ముందే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎక్కడికో వెళ్ళేవాడు. మర్నాటికి గానీ వచ్చేవాడు కాదు. ఎక్కడికని అడిగితే "పనుంది" అనేవాడు. రెండోసారి వెళ్ళి వచ్చినప్పుడు టీ వద్దన్నాడు. మూడోసారి ఎడమ చెంప బూరెలా పొంగి, నోట్లో దూది పెట్టుకుని, మాట్లాడకుండా వచ్చాడు.

ముప్పై ఏళ్ళ కాపురంలో బుల్లెమ్మ కూడా ఎంతో కొంత కాటా పని నేర్చుకుంది. ఆయన స్నానానికి వెళ్ళగానే జేబులు వెతికింది. పట్నం బస్సు టికెట్లు మూడు దొరికాయి. చొక్కా వాసన చూసింది. గోడ మీదుగా లిదియాను పిలిచింది.

"లిదియా, ఈయన చొక్కా లవంగం వాసనొస్తున్నదే. పట్నంల బిర్యానీ తింటున్నడంటవా?"

"బిర్యానీ తింటే చెంప వాస్తదా అక్కా?"

"ఎవరితోనన్న కొట్లాట పెట్టుకున్నడేమో. ఆ కారోడిని వెతుక్కుంట పోయిండేమో." బుల్లెమ్మ గొంతు తగ్గించింది. "ఇందుల మతలబున్నదే."

స్తుతికి ఇంకో అనుమానం వచ్చింది. పెదనాన్న కాలేజీలకు వెళ్ళి, తనకు సీటు రాకుండా ఏదో అడ్డుపడుతున్నాడని. అంత కోపంలో ఉంది ఆ పిల్ల.

వెబ్ ఆప్షన్లు పెట్టాల్సిన రోజు స్తుతి భద్రాచలంలో ఇంటర్నెట్ సెంటరుకు ఒక్కతే వెళ్ళింది. కాలేజీల వరుస కాగితం మీద రాసుకుని, కంప్యూటరు ముందు కూర్చుంది. వెనక దగ్గు వినిపించింది.

"ఆ వరస తప్పు" అన్నాడు పెదనాన్న, మడత పెట్టిన ఒక చీటీ ముందు పెడుతూ. "గిట్ల పెట్టు."

చీటీలో మూడు కాలేజీల పేర్లున్నాయి. మొదటిది పట్నంలోని పాత డెంటల్ కాలేజీ. దాని పేరు చెబితే పళ్ళ డాక్టర్లు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. స్తుతి దాన్ని అసలు రాసుకోలేదు.

"నీకేం తెలుసు పెదనాన్నా వీటి గురించి?" అంది కోపంగా. వారం తర్వాత ఆయనతో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"నేను పోయి చూసిన."

"గేటు కాడికి పోయి చూసొస్తే తెలుస్తదా?"

"గేటు కాడ ఏం తెల్వదు బిడ్డా. లారీ సంగతి తెల్వాలంటే లోడుల దూరాలె. అందుకే పేషెంటునై పోయిన." స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "మూడోదాంట్ల, నేను పోంగనే నలుగురు ఎదురొచ్చి దండం పెట్టిండ్రు. దవాఖానల దండం పెడితే నాకు అనుమానం రాదా? కుర్చీల పండబెట్టి, చుట్టూ పన్నెండు మంది పిల్లలు చేరిండ్రు. నేను నోరు తెరిస్తే అంత సంబరపడ్డోళ్ళను నా పెండ్లిల గూడ చూడలే. పొద్దుగాల్నించి నేనొక్కన్నే పేషెంటును. పళ్ళు కడిగి, ఫోటో తీస్కొని పంపిండ్రు."

"గళ్ళ చొక్కా ఏసుకొని పోలేదు కదా?" స్తుతి అనకూడదనుకుంటూనే అనేసింది.

"చారలది." పెదనాన్న నవ్వలేదు. "రెండోదాంట్ల ఒక పన్ను నింపిండ్రు. మంచిగనే నింపిండ్రు. గని నేర్పే సారు రాలే. ఏడున్నడంటే సంతకం పెట్టి పోయిండన్నరు. ఇగ పాతదాంట్ల, ఏడింటికి పోతే నా ముందల నూట నలభై మంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిండ్రు. నాకు నీ ఈడు పిల్ల పడ్డది. పన్ను పీకాలె. పట్కారు పట్టుకున్నది, చెయ్యి వణుకుతున్నది. నేను లేచి ఉరుకుదామనుకున్న."

"మరి?"

"పక్కన సారు నిలబడ్డడు. ఆ పిల్ల మీద కేకలెయ్యలే. పట్కారు గుంజుకోలే. 'తొందరేం లేదమ్మా, ఆయన ఎక్కడికీ పోడు' అన్నడు. నొప్పి నాకు, ధైర్యం ఆ పిల్లకు! రెండు పీకేదాక ఆయన కదల్లే." పెదనాన్న చీటీ మీద వేలు పెట్టి నొక్కాడు. "రేపు నీ చెయ్యి వణికితది. పక్కన గసుంటి సారుండాలె. ఇది మొదట పెట్టు."

స్తుతి ఆయన చెంప వైపు చూసింది. వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు.

"ఆ రెండు పళ్ళు... పాడైనయేనా?"

"ఏమో. కొంచెం ఊగుతున్నట్టు నాకు అనుమానమున్నది."

స్తుతి కంప్యూటరు వైపు తిరిగింది. కాసేపటిదాకా తెర మీది అక్షరాలు ఆమెకు సరిగా కనపడలేదు. "పోయినేడు అక్కడ ఆఖరి సీటు వచ్చినోళ్ళ కన్నా నా ర్యాంకు నాలుగు వందలు వెనకున్నది పెదనాన్నా. పెట్టినా రాదు."

"పోయినేడు రాసిన పిల్లలే ఈ ఏడు గూడ రాసిండ్రా?"

"లేదు."

"మరి వాళ్ళ లెక్క నీకెందుకు? పెట్టు."

పెట్టింది. మొదటి విడతలో రెండో కాలేజీ వచ్చింది. ఇరుగుపొరుగు స్వీట్లు అడిగారు. పెదనాన్న ఇవ్వనివ్వలేదు. రెండో విడతలో, ముందున్న పిల్లలు కొందరు ఎంబీబీఎస్ సీట్లు వచ్చి వెళ్ళిపోతే, పాత కాలేజీలో ఖాళీలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం స్తుతి ఫోన్‌కు సందేశం వచ్చింది. ఆ పిల్ల కేక విని గోడకు అవతలివాళ్ళు, ఇవతలివాళ్ళు అందరూ పరుగెత్తుకొచ్చారు. శాంతికుమార్ అన్నను గట్టిగా పట్టుకున్నాడు. ఆ పట్టులోనే ఉండి పెదనాన్న అడిగాడు:

"ఈ మెసేజు పంపినోడు ఎవడు? నంబరు చూపియ్యి."

ఆ నంబరుకు ఫోన్ చేశాడు. అది మోగలేదు. ఎంబీబీఎస్ వచ్చిన పిల్లలు నిజంగానే వెళ్ళిపోయారా, ఊరికే అన్నారా అని ఇంకో రెండు రోజులు ఆలోచించాడు.

సీటు వచ్చింది గానీ, పట్నంలో ఉండటానికి సీటు ఒక్కటే చాలదు కదా. కాలేజీ ఫీజు తక్కువే. హాస్టలు, మెస్సు, పుస్తకాలు, పరికరాల డబ్బా, తెల్ల కోట్లు, మైనంలో పళ్ళు చెక్కే చాకులు అన్నీ ఎవరికి వాళ్ళే కొనుక్కోవాలి. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. చీటీ డబ్బు మొదటి ఆరు నెలలకు సరిపోతుందని శాంతికుమార్ అన్నాడు. ఆ తర్వాత సంగతి ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున పెదనాన్న చొక్కా వేసుకుంటూ ఒక ప్రకటన చేశాడు.

"మంగీలాల్ జామాయిల్ డిపోల దొంగలు పడుతున్నరంట. నేను పోయి కూసుంటే తప్ప దొరకరు."

"ముప్పై ఏండ్లు అనుమానపడి, అలిసిపోయి రిటైరైతివి. మళ్ళ ఓవర్‌టైమా?" అంది బుల్లెమ్మ.

"మతలబు తేలిందాక పోవాలె" అన్నాడాయన. రోజూ పొద్దున ఎనిమిదింటికి టిఫిను డబ్బాతో వెళ్ళి, సాయంత్రం ఆరింటికి వచ్చేవాడు. ఆ దొంగలు చాలా తెలివైనవాళ్ళలా ఉన్నారు. నెలలు గడుస్తున్నా దొరకలేదు.

స్తుతిని కాలేజీలో దింపడానికి కూడా ఆయనే వెళ్ళాడు. బస్సు డ్రైవరు ఆవలిస్తున్నాడని ఆయనకు అనుమానం. డ్రైవరు వెనక సీట్లో కూర్చుని పట్నం దాకా అతన్ని నిద్రపోనివ్వకుండా ప్రశ్నలు వేశాడు. హాస్టలు గేటులో దుప్పటి విప్పించి దులిపాడు. మెస్సులో తనే ముందు తిని, అరగంట కూర్చుని, తనకేమీ కాలేదని తేలాకే స్తుతిని తిననిచ్చాడు. అయినా పప్పు పల్చగా ఉండటంలో ఏదో ఉందని ఆయన నమ్మకం. అందుకే నెలనెలా సారపాక నుంచి ఎవరు పట్నం వస్తున్నా వాళ్ళ చేత మామిడి తొక్కు, కారప్పొడి, వేయించిన చేపలు పంపేవాడు. "మెస్సు మీద అనుమానంతో పంపుతున్నా" అని సీసా మీద అంటించిన కాగితం మీద రాసేవాడు, ఇంకే కారణంతోనో పంపాడని ఎవరైనా అనుకుంటారేమోనన్నట్టు.

మెస్సు బిల్లు మాత్రం ప్రతి నెలా ఒకటో తారీఖుకల్లా కట్టేసి ఉండేది. నాన్న పంపుతున్నాడని స్తుతి అనుకుంది. పెదనాన్న ఆమెకు అలాగే చెప్పాడు. స్కాలర్‌షిప్ డబ్బు పడుతోందని శాంతికుమార్ అనుకున్నాడు. పెదనాన్న అతనికి అలా చెప్పాడు. అంత అనుమానం పంచిన మనిషి ఇంట్లో, ఈ సంగతి ఒక్కరికీ అనుమానం రాలేదు.

కాలేజీలో కొన్ని నెలలయ్యాక పిల్లలందరినీ పీకేసిన అసలు పళ్ళు తెచ్చుకోమన్నారు, చేత్తో పట్టుకుని చూసి నేర్చుకోవడానికి. స్తుతి ఇంటికి ఫోన్ చేసింది.

"చదువు వాళ్ళు చెప్పుడేంది, పళ్ళు మనం తెచ్చుకునుడేంది? రేపు పేషెంట్లను గూడ ఇంటికాడ నుంచి తెచ్చుకోమంటరు!" అన్నాడు పెదనాన్న.

అని, మర్నాడే భద్రాచలంలో పళ్ళ డాక్టరు ఆరాధన గారి క్లినిక్కుకు వెళ్ళాడు. అక్కడ దొరికినవి తీసుకుని, లిదియా వెంట చర్ల అవతల శిబిరానికి కూడా వెళ్ళాడు. పన్ను ఎవరిదో, ఇష్టంతోనే ఇచ్చారో లేదో అడగకుండా ఆయన ఏదీ తీసుకోలేదు. పోడు చేసుకుని బతికే గంగక్క అనే ముసలమ్మ తన పన్ను ఆయన చేతిలో పెట్టి, బోసినోటితో నవ్విందట.

"ఉన్నన్ని దినాలు నన్ను సతాయించింది. తీస్కపో అయ్యా. అదన్న పట్నం పోయి సదువుకోనీ."

సంక్రాంతి సెలవులు కావు, ఇంకే పండగా కాదు. పరీక్షలకు ముందు నాలుగు రోజులు తీరిక దొరికితే స్తుతి ఆ పళ్ళ కోసమే సారపాక వచ్చింది. సీసా పెదనాన్న దగ్గరే ఉందని, ఇంట్లో పెడితే ఎవరైనా మారుస్తారని డిపోకు తీసుకుపోయాడని పెద్దమ్మ చెప్పింది. స్తుతి నడుచుకుంటూ డిపోకు వెళ్ళింది.

యజమాని మంగీలాల్ గేటు దగ్గర కర్ర లెక్క చూసుకుంటున్నాడు. స్తుతిని చూసి కుర్చీ వేయించాడు.

"డాక్టరమ్మ వచ్చిందే! మీ పెదనాన్న అన్నం తింటున్నడు బిడ్డా, ఆ చెట్టు కింద."

"దొంగలు దొరికిండ్రా అంకుల్?"

"ఏం దొంగలు?"

"డిపోల కర్ర పోతున్నదంట కదా. అందుకే పెదనాన్న..."

మంగీలాల్ నవ్వాడు. "నా డిపోల పదేండ్ల నుంచి పుల్ల గూడ పోలే. ఆయనే వచ్చిండు. కూసుని చేసే పని ఏదన్న ఉంటే ఇయ్యి మంగీలాలూ అన్నడు. నాకు కాపలా అక్కర్లేదంటే, నీకు అక్కర్లేదని నీకెట్ల తెలుసని అడిగిండు. ఇగ కూసోమన్న. జీతం మాత్రం ఒకటో తారీఖుకు ఒక రోజు ముందుగల్ల కావాలన్నడు. పట్నంల ఎవరిదో మెస్సు బిల్లు కట్టాలంట."

అన్నాక, ఎవరిదో ఆయనకు ఒక్కసారిగా అర్థమైనట్టుంది. "అమ్మా, నేను చెప్పిన్నని అనకు" అని లెక్కల పుస్తకం వైపు తల తిప్పుకున్నాడు.

స్తుతి చెట్టు వైపు చూసింది. పెదనాన్న కర్రల మీద కూర్చుని, పప్పన్నం మెత్తగా పిసికి, చిన్న ముద్ద చేసి, కుడివైపే నములుతున్నాడు. ఎడమవైపుకు వెళ్ళిన ముద్దను నాలుకతో జాగ్రత్తగా ఇటు తెచ్చుకుంటున్నాడు. ఆరు నెలలుగా దవడల బొమ్మలు గీస్తున్న పిల్లకు ఆ తిండి ఎంత కష్టమో ఇంకొకరు చెప్పక్కర్లేదు. బస్సు మీద అనుమానం, మెస్సు మీద అనుమానం, డిపోలో దొంగలు. ఆమె ఒక్కొక్కటే తలుచుకుంది. ఇన్నాళ్ళూ ఆ మనిషి ఏ మంచి పని చేసినా ముందు దాని మీద ఒక అనుమానం కప్పి చేశాడు.

థాంక్స్ చెబితే ఎందుకు చెబుతున్నావని అడుగుతాడు. పళ్ళు కట్టించుకో అంటే ఇంకో రెండు ఊగినాక చూద్దాం అంటాడు. స్తుతి కళ్ళు తుడుచుకుని, మొహం గంటు పెట్టుకుని, వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

"పెదనాన్నా, మా కాలేజీల పళ్ళు కట్టే విభాగమున్నది. నాకెందుకో దాని మీద అనుమానం."

ముద్ద ఆగింది. "ఏం అనుమానం?"

"అందరు మంచిగ కడతరనే అంటున్నరు."

"అందరా?"

"అవ్. ఒక్కళ్ళు గూడ చెడ్డగ చెప్పుతలేరు."

పెదనాన్న డబ్బా మూత పెట్టాడు. కళ్ళల్లో, లోడు నడుమ తుమ్ము విన్నంత వెలుగు వచ్చింది. "ఒక్కళ్ళు గూడనా? గట్లయితే చూడాలె."

"నాకు తెల్వక అడుగుత, ఎవరన్న తెలిసినోళ్ళు పోయి, కట్టించుకొని చూస్తెనే కదా తెలిసేది?"

"అంతే కదా." అని, ఆయన ఆగాడు. స్తుతిని నిదానంగా, తల నుంచి పాదాల దాకా చూశాడు. ఆ పిల్ల రెప్ప వేయకుండా కూర్చుంది. తర్వాత తల తిప్పుకుని, భుజం మీది తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. మూతి తుడిచిన తువ్వాలు కళ్ళ దాకా ఎందుకు వెళ్ళిందో ఆమె అడగలేదు.

"సరే, పోదాం. మంగీలాల్‌ను రెండు రోజుల సెలవు నువ్వే అడుగు" అన్నాడు గొంతు తగ్గించి. "నేనడిగితే ఎందుకూ ఏందని అనుమానపడతడు."